మిస్పాలో లేచిన గోడ

బెరెక్యా దగ్గర చదువుకునే శిష్యులకు ఒక చిక్కుండేది. ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పడు, పని చెబుతాడు. సహనమంటే ఏమిటని అడిగిన పాపానికి ఒకడు నెల్లాళ్లు మేకలు కాశాడు. అందుకని తెలివైనవాళ్లు సందేహాలు వచ్చినా దిగమింగుకుని కూర్చునేవాళ్లు. హోదీయా కూడా తెలివైనవాడే గాని, అతని నోరు ఊరుకునే రకం కాదు.

ఆ ఏడు యూదా దేశమంతా సంబరంలో ఉంది. రెండేళ్ల కిందట ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజు బయెషా, యూదా రాజు ఆసా మీద పగబట్టి, సరిహద్దులోని రామా అనే ఊరి దగ్గర బాటకు అడ్డంగా పెద్ద గోడ లేపాడు. ఇక అటువాళ్లు ఇటు రాలేదు, ఇటువాళ్లు అటు పోలేదు. ఆసా కత్తి దూయలేదు. దేవాలయంలోని వెండి బంగారాలు ఊడ్చి దమస్కు రాజుకు పంపి, బయెషా మీద వెనకనుంచి పడమన్నాడు. ఆయన పడ్డాడు. బయెషా రామాను ఉన్నపళంగా వదిలి పరుగు తీశాడు. ఊళ్లన్నీ డప్పులు కొడుతుంటే హనానీ అనే దీర్ఘదర్శి ఒక్కడే రాజు ముఖం మీద, దేవుణ్ణి నమ్ముకోలేక పొరుగు రాజును నమ్ముకున్నావు, బుద్ధిలేని పని చేశావు అన్నాడు. రాజు ఆయన్ని చెరసాలలో వేయించాడు.

హోదీయాకు ఈ మందలింపు మింగుడు పడలేదు. "ముల్లును ముల్లుతోనే తీశాడు గదా రాజు. మనవాళ్ల రక్తం ఒక్క చుక్క కారలేదు, శత్రువు పారిపోయాడు. ఇందులో తప్పేముంది గురువుగారూ?" అని అడిగేశాడు.

తోటి శిష్యులు తలలు దించుకున్నారు. అప్పటికే రాజు చాటింపు వేయించి ఉన్నాడు. రామా గోడను విప్పి, ఆ రాళ్లతోనే అదే బాట మీద ఇంకాస్త ఉత్తరాన ఉన్న మిస్పా దగ్గర మన కోట కట్టాలి, రాళ్లు మోయడానికి అందరూ రావాలి, ఎవరికీ మినహాయింపు లేదు. బెరెక్యా లేచి తలగుడ్డ చుట్టుకుని, పద, రాళ్లు మోద్దాం అన్నాడు.

ఈసారి మాత్రం హోదీయా ఎగిరి గంతేశాడు. అతని చెల్లెలు కెజీయాను సరిహద్దుకు అవతల, బేతేలులో ఇచ్చారు. పెళ్లయిన ఆరు నెలలకే గోడ లేచింది. ఆమెకు కొడుకు పుట్టిన కబురు కూడా ఎవరో గొర్రెల కాపరి నోట నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చింది. మేనమామ అయ్యుండి మేనల్లుడి ముఖం చూడలేదని అతనికి ఒకటే బెంగ. రెండుసార్లు రామా దాకా పోయాడు. రెండుసార్లూ బయెషా కావలివాడు, రాకపోకలు లేవు, వెనక్కి పొమ్మన్నాడు. ఇప్పుడు ఆ గోడను తన చేతులతోనే విప్పబోతున్నాడు. వెంటనే ఒక సంచార వర్తకుడితో చెల్లెలికి కబురు పెట్టాడు. దారి తెరుచుకుంది, పిల్లవాణ్ణి తీసుకుని మిస్పాకు వచ్చెయ్యి, అక్కడే ఉంటాను అని.

రామాలో పని జాతరలా సాగింది. మొదటి రాయి దొర్లినప్పుడు హోదీయా వేసిన కేక కొండ అవతలికి వినపడింది. విప్పిన రాళ్లను జనం ఇష్టం వచ్చినట్టు కుప్ప పోస్తుంటే అతనికి ఒక ఆలోచన తట్టింది. బయెషా పనివాళ్లు రెండేళ్లు చెమటోడ్చి చెక్కిన రాళ్లు ఇవి. ఏ వరుసలో ఏది ఉందో గుర్తు పెట్టుకుంటే మిస్పాలో మళ్లీ ఉలి పట్టే పనే ఉండదు. పొయ్యి బొగ్గు తీసుకుని ప్రతి రాయి మీదా గీతలు గీశాడు. పనిపెద్ద అతని వీపు తట్టి, నువ్వు చదువు మానేసి నా దగ్గరికి వచ్చెయ్ అన్నాడు. బెరెక్యా తన వయసుకు తగ్గ చిన్న రాళ్లు మోస్తూ, గుర్తులు ఎక్కడా తప్పలేదు గదా అని ఒక్కసారి అడిగాడు. ఒక్కటి కూడా తప్పదన్నాడు హోదీయా. ఆ గర్వంలో దాహం కూడా మరిచిపోయాడు.

నెలల పని వారాల్లో అయింది. గోడ రామాలో ఎలా ఉందో మిస్పాలో అలాగే లేచింది, వరుస తప్పకుండా, అంగుళం తేడా లేకుండా. అక్కడ దక్షిణానికి చూసేది, ఇక్కడ ఉత్తరానికి చూస్తోంది. అంతే తేడా. బాట మీద తలుపు నిలిపారు. దాని పక్కన కావలివాడు తొంగిచూసే కంత ఉన్న రాయిని హోదీయా స్వయంగా ఎత్తి కూర్చాడు. అడ్డగడియ పడింది. జనం ఈలలు వేశారు. అతను అందరికంటే గట్టిగా వేశాడు.

ఆ సందడి అణగకముందే కావలివాడు కంతలోంచి ఎవరితోనో, రాకపోకలు లేవు, వెనక్కి పో అంటున్నాడు. అవతలినుంచి ఆడగొంతు బతిమాలుతోంది. మా అన్న ఇక్కడే ఉన్నాడు, హోదీయా అంటారు, ఆయనే రమ్మన్నాడు అని.

హోదీయా పరుగున వచ్చి పడ్డాడు. అది తన చెల్లెలని, చంటిపిల్లాడితో నడిచి వచ్చిందని, ఒక్క గడియ తలుపు తీయమని చేతులు పట్టుకున్నాడు. కావలివాడు చెడ్డవాడు కాడు, నిన్నటిదాకా అతనితో కలిసి రాళ్లు మోసినవాడే. ఉత్తరపు మనిషిని రానిస్తే తన తల పోతుందని ముఖం తిప్పుకున్నాడు. ఆ పాటి దయ ఉండబట్టే గాబోలు, కంత దగ్గరనుంచి పక్కకు జరిగాడు.

చెయ్యి పట్టేంత కంత. హోదీయా భుజం దాకా చెయ్యి దూర్చాడు. అవతల చిన్న వేళ్లు ఏవో అతని బొటనవేలిని పట్టుకున్నాయి. ముఖం కనపడలేదు. చెయ్యి తీస్తే ముఖం చూడొచ్చు, కాని తీయబుద్ధి కాలేదు.

"దారి తెరుచుకుందన్నావు గదా అన్నయ్యా?" అంది కెజీయా.

అతని చెంప రాతికి ఆనుకుని ఉంది. ఆ రాతి మీద తను గీసిన బొగ్గు గీతలు కళ్లకు దగ్గరగా, పెద్దగా కనిపించాయి. ఏడుపు ఆగలేదు. పొద్దు వాలేలోగా వాళ్లు బేతేలు చేరాలి. వేళ్లు ఒక్కొక్కటే వదిలాయి.

హోదీయా వెనక్కి తిరిగేసరికి బెరెక్యా అక్కడే నిలబడి ఉన్నాడు. "శత్రువు పారిపోయాడు గదా గురువుగారూ" అన్నాడు, ఎవరో తనను మోసం చేసినట్టు. "నా కళ్లతో చూశాను. ఉన్నదంతా రామాలో వదిలేసి పారిపోయాడు."

"వదిలేశాడు" అన్నాడు బెరెక్యా. "అతను వదిలిపోయింది రాళ్లొక్కటేననుకున్నావా, నాయనా?"