హైమావతి వంతెన

హైమావతికి ఆ వారమంతా కంటిమీద కునుకు లేదు. గుంతకల్లులో బొమ్మరైళ్లు చేసే జిలానీ ఉస్తాద్ ఇంటి ముందుగది నిండా పట్టాలు, స్టేషన్లు, సొరంగాలు. అందులో వాగు మీద వంతెన కట్టే పని ఆయన మొదటిసారి తన శిష్యురాలైన ఆమెకు అప్పగించాడు. నచ్చితే అది అక్కడే ఉండిపోతుంది. నచ్చకపోతే ఉస్తాద్ ఏమీ అనడు, తీసి పక్కన పెడతాడు. ఆ ఏమీ అనకపోవడమంటేనే ఆమెకు భయం.

వంతెన మాత్రం ముచ్చటగా కుదిరింది. పట్టాల కింది చెక్కల్ని ఒక్కొక్కటే కోసి, టీ డికాక్షన్‌లో నానబెట్టి పాత రంగు తెప్పించింది. ఆవగింజంత మేకుల్ని ఊపిరి బిగబట్టి దిగేసింది.

ఉస్తాద్ వంగి చూశాడు.

"లోపలి పక్క ఇంకో జత పట్టాలు ఉండల్ల కదా బేటీ?"

నిజం వంతెనల మీద ఉంటాయవి. చక్రం పట్టా తప్పినా బండి వాగులో పడకుండా పట్టి ఉంచుతాయి. హైమావతికి ఆ సంగతి తెలుసు. తెలిసే మానేసింది, మహాతల్లి!

"వాటితో అందం చెడిపోతాది ఉస్తాద్. అయినా నా పట్టాల మీద బండి యాడ తప్పుతాది?"

ఆయన అలమార తెరిచి, వయసులో ఉన్నప్పుడు తన చేతులతో చేసుకున్న ఇత్తడి ఇంజను తెచ్చాడు. దాన్ని ఎవరినీ ముట్టనివ్వడు. పట్టాల మీద పెట్టి తోశాడు. వంతెన మీద వెన్నలా సాగిపోయింది. హైమావతి ముఖం వెలిగిపోయింది.

ఉస్తాద్ ఇంజనును వెనక్కి తెచ్చాడు. ఈసారి ముందు చక్రాన్ని గోటితో పట్టా మీంచి దించి, మళ్లీ తోశాడు.

వంతెన నడుమకు వచ్చేసరికి ఇంజను ఒరిగింది. హైమావతి కెవ్వుమని అరిచి, కింద అరచెయ్యి పెట్టి పట్టుకుంది.

"మీరే కదా దించింది!" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనే. నీ పనిలో తప్పేం లేదు. మరి చెయ్యెందుకు పెట్టినావు?"

"పెట్టకుంటే? మీ ఇంజను పడిపోదా?"

ఉస్తాద్ ఆమె తల నిమిరాడు.

"ఆ చేతినే బేటీ, వంతెన మీద వెయ్యమంటున్నా."