పలకని దేవర నోటి మీద చెయ్యి

ఈ గుట్ట కథను మొదట చెప్పినది కంబళ్ళు నేసే ఈరమ్మవ్వ. ఉన్ని ఏకుతూ చెప్పింది. ఆమె చెప్పినదానికి ఇక్కడ ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. వేరేగా విన్నవారు వేరేచోట విని ఉంటారు.

గుండ్లమిట్టకూ ఊటపల్లెకూ నడుమ, మెట్లు లేని చిన్న గుట్ట మీద పలకని దేవర వెలసి ఉన్నాడు. గుడికి పైకప్పు లేదు. ఎండా వానా అన్నీ స్వామి మీదనే. కూర్చున్న మనిషంత రాయి. కుడి అరచెయ్యి నోటి మీద ఉంటుంది. విప్పిన కళ్ళు ఎదురుగా ఉన్న నల్ల బండను చూస్తూ ఉంటాయి. ఆ బండ మీద గీతలూ గుంటలూ ఉన్నాయి. అది ముగ్గు కాదు, యంత్రమూ కాదు. ఆట. స్వామిని తపస్సు చేసుకునే ముని అనేవారు ఉన్నారు. మునికి కళ్ళు మూసి ఉంటాయి. దగ్గరకు పోయి చూసుకోవచ్చు.

పూర్వం ఇక్కడ, గుట్ట కింది ఊట ఒక్కటే రెండు పల్లెల గొర్రెలకు ఆధారం. వేసవి వస్తే ఎవరి మంద ముందు తాగాలని కట్టెలు లేచేవి. ఒక ఏడు రెండు పల్లెల్లోనూ పీనుగులు లేచాయి. అప్పుడు పెద్దలు ఒక మాటకు వచ్చి, ఇకమీదట తొలి వంతును ఆట తేల్చాలన్నారు. అయితే పులీమేకలో గుండ్లమిట్టవారికి ఎదురు లేదు, బారాకట్టలో ఊటపల్లెవారికి ఎదురు లేదు. కాబట్టి ఎవరికీ తెలియని కొత్త ఆట కావలసి వచ్చింది.

ఆ పని సన్నీరప్ప మీద పడింది. అతని తండ్రిది గుండ్లమిట్ట, తల్లిది ఊటపల్లె. మంద కాస్తూ బండల మీద బొగ్గుతో ఆటలు గీసుకోవడం అతనికి చిన్నప్పటి నుంచీ పిచ్చి. “పున్నమికి ఆట సిద్ధం కావాలి. ఆడేనాడు మాత్రం నువ్వు బండ దగ్గరకు రాకూడదు. నువ్వు దగ్గినా ఎవరికో సైగ చేశావంటారు” అన్నారు పెద్దలు. సన్నీరప్ప సరేనన్నాడు. ఆట చెడితే కట్టె పట్టేది ఒకవైపు చిన్నాయనలు, ఒకవైపు మేనమామలు. దెబ్బ ఎవరికి తగిలినా ఏడుపు అతని ఇంట్లోనే.

ఆడి చూడడానికి ఇద్దరు స్నేహితులను పిలిచాడు. తట్టలల్లే మేదర లచ్చుమక్క ఒకరు, సాటి కాపరి బుడ్డన్న ఒకరు. బుడ్డన్న వరసకు బావ. ఒకరికి తెల్ల రాళ్ళు, ఒకరికి చింతపిక్కలు. అవే మందలు. రెండు కొసల నుంచి నడిచి నడుమనున్న ఊటకు చేరాలి. ఎదురుపడితే ఒకరు పక్కకు తప్పుకోవాలి. తప్పుకున్నవారు తరువాతి వంతులో రెండు అడుగులు వేయవచ్చు.

మొదట్లో ముందు నడిచినవారే గెలిచారు. సన్నీరప్ప గీత చెరిపి దారిని వంకర తిప్పాడు. తరువాత తప్పుకోవడంలోనే లాభమని కనిపెట్టి ఇద్దరూ తప్పుకుంటూనే పోయారు.

“పొద్దు గుంకేటట్టుంది బావా. నీ ఆటలో మర్యాద ఎక్కువైంది, గొర్రె దప్పికతో చస్తోంది” అన్నాడు బుడ్డన్న.

వరసగా రెండుసార్లు తప్పుకోరాదని సన్నీరప్ప కట్టడి పెట్టాడు. ఆట కుదిరింది. కుదిరిందని అతను అనుకున్నాడు. ఎందుకంటే పక్కనే కూర్చుని, “అటు కాదక్కా, ఇటు. ఆఁ, ఇప్పుడు తప్పుకో” అని చెబుతూనే ఉన్నాడు.

“ఇంతకీ ఆడుతున్నది నేనా, నువ్వా?” అంది లచ్చుమక్క. ఆ మాట అతను చెవిన పెట్టలేదు.

ఒకనాడు మందకు నీళ్ళు పెట్టడానికి అతను కిందికి దిగగానే పైన కేకలు లేచాయి. వచ్చి చూస్తే లచ్చుమక్క రాళ్ళు విసిరేసి ఉంది.

“రెండడుగులు ఎప్పుడు వెయ్యాలిరా? తప్పుకున్న వెంటనేనా?”

“వెంటనే అక్కా, నీ కళ్ళకు పొర కమ్మింది.”

“పొర నీ నాలుకకు కమ్మింది!”

“ఇంతసేపు చెప్పినా బుర్రకెక్కని మిమ్మల్ని పిలవడం నాదే తప్పు” అన్నాడు సన్నీరప్ప. ఇద్దరూ గుట్ట దిగిపోయారు.

ఎండ బండను కాలుస్తున్నది. అతను ఒక రాతి నీడన తల వాల్చాడు. స్నేహితులే ఇట్లా తగవులాడితే రేపు పల్లెలు ఏం చేస్తాయని తలపోస్తూ కన్ను మూశాడు. అప్పుడు స్వప్నంలో గుట్ట మెల్లగా పైకి తేలింది. కింద నేలంతా ఒక ఆటపలకై పరుచుకుని ఉంది. ఏర్లు గీతలైనాయి, చెరువులు గుంటలైనాయి. మబ్బులు మందలు మందలుగా నడుస్తున్నాయి, వాటి నీడల్లో మనుషులు తప్పటడుగులు వేస్తున్నారు. ఆ పలక అంచున ఒక ముసలి కాపరి, భుజాన కంబళితో, నోటి మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు, నవ్వు రెండూ ఉన్నాయి.

“తాతా, వాళ్ళు తప్పుతున్నారు. చెప్పవేమి?” అన్నాడు సన్నీరప్ప.

ముసలివాడు చెయ్యి కొంచెం తీశాడు. “నాకూ నోటిదాకా వస్తుంది నాయనా. చెబితే అది నా ఆట అవుతుంది, వాళ్ళది కాదు. ఎక్కడ తడబడుతున్నారో చూడు. ఆడేవాణ్ణి తిట్టకు, గీతను మార్చు.” అని మళ్ళీ నోరు మూసుకున్నాడు. ఆ చెయ్యి నోటిని మూయగానే లోకమంతా ఉన్ని పరిచినట్టు నిశ్శబ్దమైంది.

మేలుకుని చూస్తే తన తలకు నీడనిచ్చిన రాయే నోటి మీద చెయ్యితో కూర్చుని ఉంది. అంతకు మునుపు దానికి ఆకారం ఉన్నట్టు ఎవరూ ఎరగరు.

సన్నీరప్ప తిన్నగా లచ్చుమక్క వాకిటికి పోయి అట్లాగే చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

“ఏమిరా, పన్ను నొప్పా?” అంది ఆమె వెదురు చీలుస్తూ.

అక్కడే ఉన్న బుడ్డన్న లేచాడు. “బావ నోరు మూసుకున్నాడంటే గుట్ట మీద ఏదో మహిమ జరిగింది. నడువక్కా.”

వాళ్ళు ఆడారు. అతను రాతి పక్కన కూర్చుని చూశాడు. లచ్చుమక్క వేలు ఎక్కడ ఆగిందో అక్కడ ఉలితో గుంట తొలిచాడు. తప్పుకున్న రాయి ఆ గుంటలో ఆగాలి. గుంట నుంచి పొడుగాటి గీత ఒకటి లాగాడు. ఒక్క కదలికకే రెండడుగుల దూరం పోతుంది. నోటితో చెప్పవలసినదంతా రాయే చెప్పింది.

పున్నమినాడు రెండు పల్లెలూ కట్టెలతోనే వచ్చాయి. పెద్దలు ఆటకు కూర్చున్నారు. సన్నీరప్ప దూరంగా దేవర పక్కన ఉన్నాడు. మేనమామ తప్పుకోవలసిన చోట మొండిగా ముందుకే వేలు చాచాడు. సన్నీరప్ప పళ్ళు అరచేతిలో దిగి నెత్తురు చిమ్మింది. మేనమామ గుంటను చూశాడు. ఎదుటివాడి ముఖం చూశాడు. రాయిని తానే పక్కకు జరిపాడు. “అబ్బో” అన్నారు జనం. కట్టెలు ఒకటొకటిగా నేల మీదికి వచ్చాయి, చేతులు మోకాళ్ళ మీదికి పోయాయి. ఆ సాయంత్రం గుండ్లమిట్ట గెలిచింది. “ఇంకొక్క ఆట” అన్నాడు మేనమామ. ఎవరూ కిందికి చూడలేదు. రెండు మందలూ ఎప్పుడో కలిసిపోయి, వంతు లేకుండా తాగి, ఊట చుట్టూ పడుకుని నెమరు వేస్తున్నాయి.

ఇప్పటికీ చైత్ర పున్నమికి రెండు పల్లెలవారూ ఈ బండ మీద ఆడతారు. ఆట తెలిసినవారు కొత్తవారికి ఏమీ చెప్పరాదు. దేవర పక్కన నోటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చోవాలి. కూతురిని అత్తవారింటికి పంపిన తల్లి, శిష్యుడికి పనిముట్టు అప్పగించిన గురువు వచ్చి ఒక ఆట సేపు అట్లా కూర్చుంటారు. అట్లా కూర్చున్నవారు చేసినది వారు లేనినాడు కూడా నిలుస్తుందని నమ్మకం.

ఒక మనవి. రోడ్డు మలుపులో ‘మూగదేవర గుట్ట’ అని బోర్డు రాయించారు. దాన్ని చదివి మాట రాని బిడ్డలను ఎత్తుకుని ఎంతో దూరం నుంచి తల్లులు వస్తున్నారు. ఎండలో ఎక్కి, ఏడ్చి, దిగిపోతున్నారు. ఎన్నిసార్లు అడిగినా మార్చలేదు. చదువుకున్నవారు ఎవరైనా పూనుకుని దాన్ని దిద్దించాలి. మా దేవర మూగవాడు కాడు. మాట వచ్చి కూడా ఊరుకున్నవాడు.