ఓబుళమ్మ నేర్చిన మాట

దగ్గరికి జరగండి పిల్లలూ, గోడకు ఆనుకుని కూర్చోండి. వెనక నిలబడ్డ పెద్దలూ కూర్చోవచ్చు. ఈ కథ అసలు మీకే.

రుద్రయ్యగారనే గురువుకు ఒక అలవాటు. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. చేతికర్ర తీసుకుని బయలుదేరుతారు. హిందూపురం అవతల, కన్నడ సీమను ఆనుకున్న పల్లె ఆయనది. ఒకనాడు శిష్యుడు శరభయ్య వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అయ్యా, నా కూతురు చౌడికి మూడో ఏడు నడుస్తోంది. వాళ్లమ్మది కన్నడం, మాది తెలుగు. బిడ్డ రెండూ కలిపేస్తోంది. మొన్న మా అమ్మను ‘అవ్వా, హాలు కావాల’ అని అడిగింది. పాలను హాలంటుందా అని ఆమెకు కోపమొచ్చింది. ఒక పొయ్యి మీద రెండు కుండలు పెడితే రెండూ ఉడకవు, కోడలు కన్నడం మానాల్సిందేనంటోంది. నా భార్య పుట్టలక్షమ్మకు తెలుగు అంతంతమాత్రం. బిడ్డకు జోల కూడా నోరు విప్పి పాడడం లేదు. ఏం చేయమంటారు?”

గురువు చేతికర్ర అందుకున్నారు.

వాళ్లు చేరేసరికి శరభయ్య తల్లి ఓబుళమ్మ వసకొమ్ము అరగదీస్తోంది. మనవరాలి నాలుకకు రాస్తే మాట తేటపడుతుందని ఆమె నమ్మకం. చూసిపోదామని వచ్చిన పుట్టలక్షమ్మ తల్లి, కూతురు తనతోనైనా పలకలేక కళ్లొత్తుకోవడం చూసి, మూట కట్టుకుని వాకిలి దిగుతోంది. ఆమెకు తెలుగు రాదు. ఓబుళమ్మకు కన్నడం రాదు. రాదని చెప్పుకోవడం ఆమెకు గొప్ప.

“మీరైనా ఆపండయ్యా” అన్నాడు శరభయ్య. గురువు అరుగు మీద కూర్చుని కాళ్లు చాపుకున్నారు.

చౌడి మూటను చూసింది. పరుగున పోయి అమ్మమ్మ చీరకుచ్చెళ్లు పట్టుకుంది. “అజ్జీ, హోగబేడ! ఊట మాడు” అని అన్నం తినమంది. వెంటనే ఇటు తిరిగి, “అవ్వా, అజ్జి పోతాంది! అన్నం పెట్టు.”

అజ్జితో అన్నదాంట్లో తెలుగు ముక్క లేదు. అజ్జి అన్న పిలుపు తప్ప అవ్వతో అన్నదాంట్లో కన్నడం లేదు. ఏ మాట ఎవరిదో ఆ బిడ్డకు ఎవరూ చెప్పలేదు.

ఓబుళమ్మ చేతిలో వసకొమ్ము ఆగిపోయింది.

“ఒసే చౌడీ, మీ అజ్జితో ఏమంటివే?”

“పోవద్దంటి.”

“నాకు కాదు. ఆయమ్మకు చెప్పినట్టు చెప్పు.”

“హోగబేడ.”

ఓబుళమ్మ లేచింది. కొంగుకు చేతులు తుడుచుకుని వాకిట్లోకి వెళ్లి, వియ్యపురాలి చేతిలో మూట లాక్కుంది. “హోగబేడ!” అంది, వీధంతా వినబడేటట్టు. వియ్యపురాలు కళ్లు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది. ఇంతలో లోపలి నుంచి, బిడ్డను పాలు తాగ రమ్మంటూ, పుట్టలక్షమ్మ గొంతు ఎన్నాళ్లకో నిండుగా వినిపించింది: “బా కందా, హాలు కుడి!”

“హాలో పాలో, గ్లాసు నిండా పొయ్యవే!” అని కేకేసింది ఓబుళమ్మ.

శరభయ్య మెల్లగా దగ్గరికొచ్చాడు. “అయ్యా, మరి నా ప్రశ్న?”

“మీ అమ్మకు ఇంత వయసులో రెండో భాష వచ్చింది. ఉన్న తెలుగు ఏమైనా చెడిందేమో చూసి చెప్పు.”

ఇక లేవండి పిల్లలూ. ఇళ్లల్లో సంగటి వేడిగా ఉంటుంది, పోయి తినండి. ఎవరు ఏ భాషలో పిలిచినా పలకండి.