దండోరా వేసిన కత్తి

కనుమ దారిలో దొంగల భయం ఎక్కువైంది. గాజులమ్ముకునే నాంచారమ్మ, నడుములో చిన్న కత్తి దాచుకుంటానని కొత్వాలును అనుమతి అడిగింది.

ఆమెను ఆటపట్టించాలని, "ముందు దండోరా వేయించాలి. అదీ పద్ధతి!" అన్నాడాయన. నాంచారమ్మ నడుములో కత్తి ఉందని ఊరూరా చాటించాడు కూడా.

తీరా ఆమె అనుమతి కోసం వస్తే, అందరినీ బయటికి పంపి, "గాజులమ్మేదానికి కత్తేమిటే? ఇవ్వను, పో!" అని పకపకా నవ్వాడు.

నాంచారమ్మ హమ్మయ్య అనుకుంది.

"ఇక కత్తితో పనేముంది దొరా? నా దగ్గర ఉందని దొంగలంతా విన్నారు. లేదని తెలిసింది మనిద్దరికే. రేపు ఎవడైనా ధైర్యంగా నా మీద పడ్డాడంటే, వాడికి చెప్పిందెవరని రాజుగారు అడగరూ?"

కొత్వాలు నవ్వు ఆగిపోయింది.

మర్నాటి నుంచి కనుమ దాటేదాకా ఆమె వెంట ఇద్దరు భటులు నడిచారు. గాజుల మలారం కూడా వాళ్లే మోశారు.