మొగలో పాతిన గుంజలు

ఆచార్య విశాఖదేవుడికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడెవరైనా విసుగ్గా వచ్చి ప్రశ్న వేస్తే, ముందు తానూ విసుక్కునేవాడు. సమాధానం మొదలయ్యేది ఆ తరువాతే.

ఆ ఏడు ఆయన మఠంలో మూడు రాజ్యాల దూతలు సంధి కోసం కూర్చున్నారు. వాళ్ల మాటలను తాటాకుల మీదికెక్కించే పని మాధవసేనుడనే శిష్యుడిది. ఇరవై రెండో రోజు మధ్యాహ్నం అతను సభలోంచి తిన్నగా ఆచార్యుడి గదికి వచ్చాడు.

"ఇక ఈ పని నావల్ల కాదు, ఆచార్యా. సంధిపత్రంలో ఎవరి రాజు పేరు ముందు రాయాలన్న దాని మీదే ఈ పూటంతా గడిచింది. నిన్నా అదే, మొన్నా అదే. యుద్ధం ఆపడానికి వచ్చినవాళ్లు ఇలా మాట్లాడుకుంటూ కూర్చుంటే ఎవరికి ఉపయోగం? ఏది న్యాయమో మీకు తెలుసు. ఆ మాటకొస్తే నాకూ తెలుసు. మనమే రాసి వాళ్ల చేతిలో పెడితే సరిపోదా?"

"ఇరవై రెండు రోజులకే ఇంత అలసటా?" అన్నాడు ఆచార్యుడు. "ముందు కూర్చో. అలా నెత్తి మీద నిలబడితే నాకు మెడ నొప్పి పుడుతుంది."

మాధవసేనుడు కూర్చున్నాడు. అప్పుడు ఆచార్యుడు తాను వయసులో ఉన్న రోజుల్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాడు.

అప్పటికి విశాఖుడికి ఇరవై నాలుగేళ్లు. ఆచార్యుడు కాదు, ఉత్త లేఖకుడు. ఒక ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉత్తరపు ఒడ్డు ఒక రాజుది, దక్షిణపు ఒడ్డు మరో రాజుది. ఇద్దరూ నాలుగేళ్లు యుద్ధం చేసి, అలసిపోయి ఆగారు. ఆ మొగలో ప్రతి వానాకాలం తరువాత ఇసుక మేటలు చోటు మారతాయి. ఓడ లోపలికి రావాలంటే లోతైన దారి ఎక్కడుందో కొలిచి, దానికి రెండు పక్కలా వరసగా గుంజలు పాతాలి. ఆ రెండు వరసల మధ్యగా వస్తే ఓడ క్షేమం. ఒక వరస ఉత్తరంవాళ్ల నీళ్లలో పడుతుంది, రెండోది దక్షిణంవాళ్ల నీళ్లలో. యుద్ధం సాగినన్నాళ్లూ గుంజలు లేవు, ఓడలూ లేవు. రెండు ఒడ్ల మీదా జనం ఎండుచేపలతో కడుపు నింపుకుంటున్నారు.

గుంజల సంగతి తేల్చడానికి ఇసుకదిబ్బ మీద ఒక పాక వేశారు. ఉత్తరం తరఫున కాటయ వచ్చాడు, దక్షిణం తరఫున బొల్లయ. ఇద్దరూ ఓడలకు దారి చూపడంలో తల పండినవాళ్లు. మధ్యవర్తిగా కూర్చున్నది ప్రోలయ అనే ముసలాయన. రెండు ఒడ్ల మీదా ఉప్పు అమ్ముకుని బతికినవాడు. వాళ్ల మాటలు రాసే రాయసగాడు విశాఖుడు.

కొలవడానికి ఎవరి పడవ ముందు వెళ్లాలన్న దానికి రెండు రోజులు పట్టింది. ఏటికి ఏ ఒడ్డువాళ్లు పిలిచే పేరు రాయాలన్న దానికి మూడు రోజులు. ఆ తరువాత గెడ మీద పడ్డారు. లోతు కొలిచే గెడకు మూరల చొప్పున గాట్లు పెట్టాలి. ఉత్తరం మూర దక్షిణం మూర కన్నా రెండు వేళ్లు పొడుగు.

"మీ మూరతో కొలిస్తే నీళ్లు తక్కువ చూపిస్తాయి," అన్నాడు బొల్లయ.

"నీళ్లు ఎంతుంటే అంతే ఉంటాయి. నీ మూరను చూసి పెరుగుతాయా?" అన్నాడు కాటయ.

రాసిన ఆకు పక్కన పడెయ్యడం, కొత్త ఆకు తియ్యడం. విశాఖుడికి వేళ్లు నొప్పి పుట్టాయి.

ఆరో రోజున దూరద్వీపం నుంచి ఒక ఓడ వచ్చి మొగ బయట లంగరు వేసింది. అరవై మంది ఉన్నారు, కొందరికి జ్వరాలు, తాగే నీళ్లు అడుగంటాయి. ప్రోలయ బతిమాలగా రెండు ఒడ్ల నుంచీ నీళ్లకుండలు పంపారు. ముందు ఎవరు పంపాలో తేలడానికే ఒక పూట గడిచింది. ఓడ లోపలికి వచ్చే సంగతి మాత్రం మూర దగ్గరే ఆగిపోయింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం విశాఖుడు ఓపిక చచ్చి పాకలోంచి లేచి వచ్చేశాడు. భోజనానికి ఇంటికి వెళుతున్న కాటయను ఒడ్డున ఆపాడు.

"దారి ఎక్కడుందో నీకు తెలియదా?"

"కళ్లు మూసుకుని చెప్పగలను."

"అయితే ఈ కొలతల గోల ఎందుకు? పద, మనమే పాతేద్దాం."

కాటయ దక్షిణపు ఒడ్డుకేసి చెయ్యి చూపించాడు. "దక్షిణపు వరస నేను పాతితే వాళ్లు ఊరుకోరు."

"పాతాక చూస్తే వాళ్లకే తెలుస్తుంది, సరైన చోటని."

ఆ సాయంత్రం పోటు తగ్గగానే నలుగురు మనుషులతో వెళ్లి రెండు వరసలూ పాతారు, మొత్తం ఇరవై రెండు గుంజలు. మర్నాటి పోటుకు లోపలికి రమ్మని ఓడకు కబురు పంపారు. పాకలో ఎవరికీ చెప్పలేదు. విశాఖుడికి అరచేతులు బొబ్బలెక్కాయి, నడుం పట్టేసింది. అయినా ఆ తొమ్మిది రోజుల్లో ఒక పని జరిగిందని అతనికి తృప్తి కలిగింది అప్పుడే.

తెల్లవారి దక్షిణపు ఒడ్డువాళ్లు లేచి చూస్తే, తమ నీళ్లలో ఉత్తరంవాళ్ల గుంజలు. యుద్ధనావలకు దారి వేస్తున్నారనుకున్నారు. బొల్లయ మనుషులు పడవల్లో వెళ్లి తమ వైపు వరసంతా పీకేశారు. విశాఖుడు ఒడ్డుకు పరుగెత్తుకొచ్చేసరికే ఓడ తెరచాప ఎత్తింది. ఆ ఓడ నాయకుడికి కనిపించింది ఒక్క వరసే. లోతు దానికి ఏ పక్కనుందో తెలిసే వీలు లేదు. ఒక పక్క ఎంచుకున్నాడు. ఓడ ఇసుక మేట ఎక్కి ఒరిగిపోయింది, అలలు మీద పడ్డాయి. విశాఖుడు చేతులూపుతూ, గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నాడు.

కాటయ పడవా వెళ్లింది, బొల్లయ పడవా వెళ్లింది. నలభై తొమ్మిది మందిని తీసుకురాగలిగారు. పదకొండు మంది పోయారు. వాళ్లలో ఒక్కరు కూడా ఈ రెండు రాజ్యాలవాళ్లు కారు.

మధ్యాహ్నానికి అందరూ మళ్లీ పాకలోకి చేరారు. బొల్లయ తడిబట్టలతోనే నిలబడ్డాడు.

"ఓడ లోపలికి వస్తోందని మాకు చెప్పిందెవరు?" అన్నాడు. అతని గొంతులో కోపం కూడా లేదు.

విశాఖుడు జరిగినదంతా తన నోటితోనే చెప్పాడు. ఎవరైనా లేచి కొడితే బాగుండునని అతనికి అనిపించింది. ఎవరూ లేవలేదు. ప్రోలయ అతనికేసి తిరిగి, అరిగిపోయిన గొంతుతో, "మూర దగ్గర ఆగాం. రాసుకో," అన్నాడు.

ఇంకో వారం పట్టింది. గెడకు ఒక పక్క ఉత్తరం మూర, రెండో పక్క దక్షిణం మూర గాట్లు పెట్టాలని చివరికి ఒప్పుకున్నారు. పదిహేడో రోజున రెండు పడవలూ పక్కపక్కనే వెళ్లి, కొలుచుకుంటూ, ఎవరి వైపు గుంజలు వాళ్లు పాతారు. ఆ తరువాత వాటిని పీకినవాళ్లు లేరు.

ఆచార్యుడు చెప్పడం ఆపాడు.

"అయితే ఆచార్యా, ముందు మీరు పాతిన చోటు తప్పన్నమాట," అన్నాడు మాధవసేనుడు.

"అదే అయితే నాకు ఇన్నేళ్లూ ఇంత బాధ ఉండేది కాదు," అన్నాడు ఆచార్యుడు. "పదిహేడో రోజున వాళ్లిద్దరూ కలిసి కొలిచి పాతింది కూడా సరిగ్గా అక్కడే."