నీళ్ళకు దిగిన మనిషి

పార్వతీపురంలో పోలినాయుడు అనే పెద్దమనిషి ఉండేవాడు. రైలెక్కితే తన చోటు ఒక్కటే ఆయనకు చాలేది కాదు, పక్క చోటు కూడా ఖాళీగా ఉంటేగాని ప్రాణం కుదుటపడేది కాదు.

అందుకాయన దగ్గర ఒక ఉపాయం ఉండేది. రిజర్వేషన్ లేని దూరపు బండిలో తువ్వాలు పరిస్తే చోటు దక్కినట్టే. ఇది ఏ చట్టంలోనూ లేదు, అయినా అందరూ పాటిస్తారు. నాయుడు కిటికీ పక్కన కూర్చుని, పక్కన తువ్వాలు పరిచి, దాని మీద తన సంచి పెట్టేవాడు. ఎవరైనా అడిగితే, "మనిషి ఉన్నాడు, నీళ్ళకు దిగాడు" అనేవాడు. ఆ మనిషిని ఇంతవరకు చూసినవాళ్ళు లేరు.

ఒకసారి రాజమండ్రిలో ఆయన మేనకోడలు నాగవేణి పెళ్ళి. సాయంత్రం ముహూర్తం. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళికూతురు మేనమామ పెట్టిన చీరతోనే పీటల మీద కూర్చోవాలి. నాయుడు ఆ చీరను సంచిలో పెట్టుకుని పొద్దున్నే బండెక్కాడు. ఎప్పటిలాగే తువ్వాలు పరిచి, దాని మీద సంచి పెట్టాడు.

విజయనగరంలో జనం తోసుకుంటూ ఎక్కారు. గంపతో ఉన్న ఒక ముసలమ్మ ఆయన ముందు నిలబడింది.

"బాబూ, కాళ్ళు పీకేస్తన్నాయి. ఆ సంచి కాస్త ఒళ్ళో ఎట్టుకుందూ."

"సంచి నాది కాదమ్మా. ఇక్కడ మనిషి ఉన్నాడు, ఆయనది. నీళ్ళకు దిగాడు" అన్నాడు నాయుడు. ఇంకెవరూ అడక్కుండా కళ్ళు మూసుకుని దొంగనిద్ర మొదలుపెట్టాడు.

బండి కదిలింది. ముసలమ్మ కంగారుపడింది.

"అయ్యో! నీళ్ళకు దిగిన బాబు ఎక్కనేదర్రా!"

అందరూ కిటికీల్లోంచి తొంగిచూశారు. ప్లాట్‌ఫారం మీద ఎవరో నీళ్ళ సీసాతో పరిగెడుతున్నాడు. "అడుగో, ఆడే!" అని అరిచారు. నాయుడు అంతా వింటూనే ఉన్నాడు, తేలుకుట్టిన దొంగలా కళ్ళు మరింత గట్టిగా మూసుకున్నాడు.

"ఆడికి బండెలాగూ అందదు. సంచైనా అందనీ!" అంటూ గుమ్మంలో ఉన్న ఒకాయన చెయ్యి చాచాడు. ముసలమ్మ సంచి అందించింది. నాయుడు కళ్ళు తెరిచేలోపే ఆయన దాన్ని ప్లాట్‌ఫారం మీదికి విసిరేశాడు. పరిగెత్తినవాడు మాత్రం సంచి వంక చూడకుండానే వెనక పెట్టె ఎక్కేశాడు.

నాయుడు ఎగిరి లేచాడు. "ఓరి నాయనో! అది నా సంచి!"

"ఆ మనిషిదన్నావు గదా?" అంది ముసలమ్మ.

"మనిషీ లేడు, ఎవడూ లేడు!"

పెట్టె అంతా గొల్లున నవ్వింది. ముసలమ్మ ఒక్కతే నవ్వలేదు. "మనిషి నేడంటే నాను కూకుంటాను" అని తువ్వాలు మడిచి ఆయన చేతిలో పెట్టి కూర్చుంది.

నాయుడు తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి వెళ్ళాడు. సంచి స్టేషన్ మాస్టరు గదిలో భద్రంగానే ఉంది. కానీ తర్వాతి బండి బాగా ఆలస్యంగా, కిక్కిరిసి వచ్చింది. అందులో ఒకచోట తువ్వాలు పరిచి ఉంది.

"మనిషి ఉన్నాడండీ, నీళ్ళకు దిగాడు" అన్నాడు పక్కనున్నాయన.

నాయుడు రాజమండ్రి దాకా నిలబడే వెళ్ళాడు.

వెళ్ళేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. ముహూర్తం దాటిపోతుందని నాగవేణికి పినతల్లి చీర కట్టి కూర్చోబెట్టారు. ఏడ్చి ఏడ్చి పిల్ల కళ్ళు వాచాయి. అయినా మేనమామను ఒక్కమాట అనలేదు.

"పాపం, బండిలో చోటు దొరకలేదా మావయ్యా?" అని అడిగింది.

నాయుడు సిగ్గుతో తల వంచుకున్నాడు.

లేని మనిషికి చోటు ఆపేవాడు, ఉన్న మనుషుల దగ్గర తన చోటు పోగొట్టుకుంటాడు.