చివరాకు చదివిన రాజకుమారుడు

"రెండో రాజకుమారుడు కూడా రాయైపోయాడహో" అని దండోరావాడి కేక వీధి చివర్నుంచి వినిపించింది. తాటాకుల మీద గంటంతో పుస్తకాలు రాసేవాళ్ళ వీధి అది. అందరి చేతులూ ఆగిపోయాయి.

సంగతేమిటంటే, వినండర్రా. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతలి ధూమ్రనేత్రుడనే మాంత్రికుడు ఆ రాజ్యం మబ్బులన్నిటినీ గుహలో కట్టి పడేశాడు. వాడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉంది. చిలక ముందు ఒక పుస్తకం అక్షరం వదలకుండా చదివితే పంజరం తెరుచుకుంటుంది. వదిలితే చదివినవాడు రాయైపోతాడు. పెద్దవాడు కమ్మగా చదివాడు, తాటాకుల కట్ట మూశాడు, రాయయ్యాడు. రెండోవాడు ఇంకా కమ్మగా చదివాడు, వాడూ అంతే. తప్పెక్కడ జరిగిందో ఎవరికీ అంతుపట్టలేదు.

మూడోవాడు రత్నకేతుడు. కూడబలుక్కుని చదివే రకం. ఆ వీధిలో మాచమ్మ అనే అమ్మాయి రాసిన పుస్తకం చంకన పెట్టుకుని, సముద్రపు ఒడ్డున తాబేలు వీపెక్కాడు.

"మీ అన్నల్నీ నేనే దింపాను" అంది తాబేలు. "తిరుగు బేరమే తగల్లేదు."

"కాస్త ధైర్యం చెప్పకూడదా తాతా?"

"నాకు ఈదడమే వచ్చు బాబూ. గట్టిగా పట్టుకో."

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. రత్నకేతుడు చిలక ముందు కూర్చుని చదివాడు. కథ అయిపోయింది. కట్ట మూద్దామంటే చేతులు రాలేదు. చదువుతున్నంతసేపూ రాయిని కాను కదా అనుకుని చివరాకు కూడా అందుకున్నాడు. రాసినవాళ్ళు తమ సొంత మాటలు నాలుగు రాసుకునే ఆకు అది. దాన్నెవరూ చదవరు.

"ఇది రాసింది కొమ్మన కూతురు మాచమ్మ. రాసి రాసి మెడ పట్టేసింది. నాలుగో ఆకు అంచు మా మేక కొరికింది, అది నా తప్పు కాదు. తక్కిన తప్పులు నావే, దిద్దుకోండి. పుస్తకం తడవనీయకండి. చదివినవాళ్ళు చల్లగా ఉండండి."

చిలక కిసుక్కున నవ్వింది. "ఇన్నేళ్ళలో నాకు మేక సంగతి చెప్పినవాడివి నువ్వే" అంది. పంజరం తెరుచుకుంది. చిలక ఎగిరిపోయింది, దానితోపాటే ప్రాణం పోయి మాంత్రికుడు పొగై తేలిపోయాడు. మబ్బులు గుహలోంచి బిలబిలమని బయటపడ్డాయి. రాళ్ళు రెండూ ఒళ్ళు విరుచుకున్నాయి.

"ఒక్క ఆకురా తమ్ముడూ" అన్నాడు పెద్దన్న. "ఒక్క ఆకుకి బద్ధకించాం."

వానలో తడుస్తూనే రత్నకేతుడు మాచమ్మ ఇంటికెళ్ళాడు.

"మెడ ఎలా ఉంది?"

"తమకెవరు చెప్పారు దొరా?"

"నువ్వే రాశావుగా."

"ఎవరైనా చదువుతారని తెలిస్తే మేక సంగతి రాసేదాన్నా?" అంది సిగ్గుపడుతూ.

వాళ్ళిద్దరికీ పెళ్ళయింది, చాలాకాలం చక్కగా ఏలారు కూడా. పెళ్ళినాడే రత్నకేతుడు రాజభవనంలో ఉన్న పుస్తకాలన్నిటి చివరాకులూ తెప్పించి నడివీధిలో చదివించాడు. "అది మా తాత పేరండీ" అని ఒకడు లేచాడు. "మా అమ్మమ్మ చేతిరాతే" అని ఒకావిడ కళ్ళొత్తుకుంది. ఇంకొకటి, ఇంకొకటి అని ఎవరూ కదలరు. వంటవాళ్ళు మూడుసార్లు పిలిచి విసుక్కున్నారు. చివరికి రాజే లేచి, రాసేవాళ్ళందరినీ ముందు వరసలో కూర్చోబెట్టి, వాళ్ళ పక్కన తానూ ఒక విస్తరి వేసుకున్నాడు. కొడుకులు ముగ్గురూ, కోడలూ, ఊరంతా కూర్చున్నారు. వేడివేడి అన్నం వడ్డించారు.